భుజసంధి: దాని స్వేచ్ఛ, దాని సంరక్షణ

ఉదయము నిద్ర లేచినది మొదలు రాత్రి పక్కమీద వాలువరకు మన చేయి ఎన్నిసారులు తలపైకి లేచునో లెక్కించినవారు అరుదు. తల తుడుచుకొనుట, జడ అల్లుకొనుట, చొక్కాయి తొడుగుకొనుట, దండెముమీద తడిబట్టలు ఆరవేయుట, అటకపై నున్న జాడీని దించుట, గుడిలో గంట మ్రోగించుట, బస్సులో పైకమ్మిని పట్టుకొని నిలుచుట - ఇవన్నియు భుజసంధి చలువయే. పని సాగినంతకాలము మనము దానిని తలంపము. పని సాగనినాడు మాత్రము తల దువ్వుకొనుటకు సైతము మరియొకరి చేయి కావలసివచ్చును.

మా అనుభవమునే చెప్పెదము. మాకు నలుబదియైదవ యేడు నడుచుచుండగా ఎడమభుజమున చిన్న నొప్పి యొకటి మొదలైనది. దెబ్బ తగులలేదు; బరువు ఎత్తలేదు. రాత్రివేళ ఆ ప్రక్కకు ఒత్తిగిలినచో మెలకువ వచ్చెడిది. మా మేలు కోరినవారొకరు చేతికి పూర్తి విశ్రాంతి నిమ్మనిరి. మేమును చేతిని గుడ్డతో మెడకు వ్రేలగట్టి, నెలదినములు కదల్పక కాపాడితిమి. నొప్పి తగ్గలేదు సరిగదా, చేయి భుజము ఎత్తునకు మించి లేవకుండ పోయినది. ఒకనాడు స్టూడియోలో పై అరనుండి పాత టేపుల పెట్టెను అందుకొనబోగా చేయి సగములోనే నిలిచిపోయినది. ఆ సాయంకాలము ఇంటికి వచ్చిన మా మేనత్త సంగతి విని, "కవ్వం తాడు వాడకుండా మూల పడేస్తే బిరుసెక్కదురా నాయనా? చెయ్యీ అంతే!" అన్నది. ఆమెకు డెబ్బదియెనిమిదేండ్లు. నేటికిని తన బట్టలు తానే దండెముమీద ఆరవేసికొనును. వైద్యశాస్త్రము చదువని ఆమె మాటలో ఎంత శాస్త్రమున్నదో మాకు తరువాత తెలిసినది. ఆ తెలిసినదానిని పాఠకులతో పంచుకొనుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మొదట భుజసంధి నిర్మాణమును చూతము. సుశ్రుతసంహిత శారీరస్థానమున దేహమునందలి సంధులను ఎనిమిది జాతులుగా విభజించినారు. అందు చంకయందలి సంధిని, గజ్జయందలి సంధిని 'ఉలూఖల' జాతిలో చేర్చినారు. ఉలూఖలమనగా రోలు. గుండ్రని తల గల ఎముక యొకటి గుంటలో నిలిచి అన్ని దిక్కులకు తిరుగుచుండుటచే ఈ పేరు తగియున్నది. అయితే ఈ రెండు రోళ్ళకును గొప్ప భేదము కలదు. తుంటియందలి రోలు లోతైనది. తొడ ఎముక తల అందులో దిగబడి, దేహభారము నంతయు మోయుచున్నను తొలగక నిలుచును. భుజమునందలిదియో, రోలన్న పేరే గాని, నిజమునకు లోతులేని పళ్ళెము. ఏ క్షణమునందైనను దండచేతి ఎముక తలలో సుమారు మూడవవంతునకు మించి ఆ పళ్ళెమును తాకదు. బడిపిల్లలు పరుగుపందెములో చెంచామీద నిమ్మపండు నుంచుకొని పరుగెత్తుట చూచియే యుందురు. భుజసంధి స్థితి ఇంచుమించుగా అట్టిదే.

ప్రకృతి ఇట్లేల చేసెను? గుంట లోతుగా నున్నచో ఎముక గట్టిగా నిలుచును గాని, దాని అంచులు అడ్డుపడి చేయి ఎక్కువ దూరము తిరుగదు. గుంట లోతు తగ్గినకొలది తిరుగుడు పెరుగును, నిలుకడ తగ్గును. మనిషి చేయి ముందుకు, వెనుకకు, ప్రక్కకు, పైకి, వీపువైపునకు, లోపలికి, వెలుపలికి తిరుగవలెను. అందుచే ఈ సంధికి దేహమున మరి యే సంధికిని లేనంత స్వేచ్ఛ లభించినది. పెద్దసంధులలో అన్నిటికంటె తరచుగా తొలగు సంధి కూడ ఇదియే. స్వేచ్ఛ, ప్రమాదము - ఈ రెండును ఇచట కవలపిల్లలు.

మరి నిమ్మపండు చెంచానుండి జారిపోక నిలుచుట యెట్లు? పళ్ళెము చుట్టును మృదులాస్థి వంటి గట్టి పదార్థముతో నేర్పడిన అంచు కలదు. అది పళ్ళెమునకు కొంత లోతు కలిగించును. సంధి నంతటిని ఒక వదులైన కోశము కప్పియుండును. ఆ కోశములో కొలదిగా ద్రవము కలదు. తడిసిన రెండు గాజుపలకలు ఒకదాని నొకటి అంటుకొనినట్లు ఎముకలను అది దగ్గరగా పట్టియుంచును. వీటికంటె ముఖ్యమైనవి నాలుగు చిన్నకండరములు. సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్ అని వాని పేర్లు. ఈ నాలుగును వీపుపై నున్న రెక్క ఎముకనుండి బయలుదేరి, దండచేతి ఎముక తలను ముందునుండి, పైనుండి, వెనుకనుండి చేతితో పట్టుకొనినట్లు పట్టుకొనును. వైద్యులు ఈ కూటమిని రొటేటర్ కఫ్ అందురు.

వీని పనిని రథోత్సవముతో పోల్చవచ్చును. మోకులు పట్టి రథమును లాగు జనము కంటికి కనబడుదురు. చక్రముల క్రింద చెక్కదిమ్మెలు వేయుచు రథము త్రోవ తప్పకుండ చూచువారు నలుగురైదుగురే. వారిని ఎవరును గమనింపరు. భుజముమీద గుండ్రముగా కనబడు డెల్టాయిడ్ కండరము, రొమ్ముకండరము, వీపుకండరము మోకులు లాగు జనము వంటివి. రొటేటర్ కఫ్ కండరములు దిమ్మెలు వేయువారు. పెద్దకండరము చేతిని పైకి లాగునపుడు ఈ నాలుగును ఎముక తలను పళ్ళెమునకు అదిమిపట్టి, అది పైకి జారిపోకుండ నడిపించును. దిమ్మెలవారు అలసిపోయిన రథమేమగునో, ఈ చిన్నకండరములు బలహీనపడిన భుజమును అదియే యగును.

భుజమనగా ఈ ఒక్క సంధియే కాదు. రొమ్ము ఎముకయొద్ద ఒకటి, భుజాగ్రముననున్న కాలర్ ఎముక కొనయొద్ద ఒకటి సంధులు కలవు. ఇవి గాక, రెక్క ఎముక ప్రక్కటెముకలమీద జారుచు తిరుగుచుండును. చేతిని మొండెముతో కలుపు ఎముకల సంబంధము కాలర్ ఎముక యొక్కటియే. తక్కినదంతయు కండరముల అల్లికయే. చేయి క్రిందినుండి నిట్టనిలువుగా పైకి లేచునపుడు 180 డిగ్రీలు తిరుగును. అందు సుమారు 120 డిగ్రీలు అసలు భుజసంధివి. 60 డిగ్రీలు రెక్క ఎముకవి. ఈ రెండింటి జోడుకదలికకు లయ యని పేరు పెట్టినవాడు బోస్టను నగరపు వైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్. ఆయన 1934లో భుజమును గూర్చి ప్రత్యేక గ్రంథమునే వెలువరించెను. ఆ లయలో రెండింటికి ఒకటి చొప్పున పాలున్నట్లు 1944లో ఇన్మన్, సాండర్స్, ఆబట్ అను మువ్వురు కొలిచి చూపిరి. రెక్క ఎముక తన పాలు తాను చేయనిచో ఆ భారమంతయు అసలు సంధిమీద పడును.

ఇది మాటలతో నమ్మవలసిన పని లేదు. పాఠకులు కూర్చున్నచోటనే పరీక్షించి చూడవచ్చును. మొదట వీపు గూనివలె వంచి, గడ్డము ముందునకు చాచి, ఆ స్థితిలోనే రెండుచేతులను పైకెత్తుడు. ఎంతవరకు లేచెనో గుర్తుంచుకొనుడు. ఇప్పుడు వీపు నిటారుగా నిలిపి, రెక్క ఎముకలను కొంచెము వెనుకకు తీసికొని మరల ఎత్తుడు. చాలమందికి చేతులు ఈసారి మరింత పైకి, మరింత సులువుగా పోవును. గంటలకొలది పుస్తకముమీదనో, కుట్టుమిషనుమీదనో, కంప్యూటరుమీదనో, సెల్‌ఫోనుమీదనో వంగియుండి, ఆ వంపుతోనే లేచి అటకమీది బరువు దింపబోవుట ఎందుకు మంచిది కాదో ఈ చిన్నపరీక్షయే చెప్పును.

రెండవ పరీక్ష. చేతిని ప్రక్కకు చాచి, బొటనవ్రేలు నేలవైపు చూచునట్లు త్రిప్పి, మెల్లగా పైకెత్తుడు. భుజము ఎత్తునకు రాగానే ఏదో అడ్డుపడినట్లు తోచును. బలవంతము చేయక, అరచేతిని ఆకాశమువైపు త్రిప్పుడు. అడ్డు తొలగి చేయి పైకి సాగిపోవును. దండచేతి ఎముక తలప్రక్క నొక బొడిపె కలదు. దానిపైన రెక్క ఎముక కొన యొకటి ఇంటిచూరువలె వంగియుండును. ఆ చూరునకు, ఎముకకు నడుమ సన్నని సందు మాత్రమే ఉన్నది. ఆ సందులోనుండియే సుప్రాస్పైనేటస్ స్నాయువు పోవుచుండును. అరచేయి పైకి తిరిగినపుడు బొడిపె చూరుక్రిందినుండి వెనుకకు తొలగి దారి యిచ్చును. తలకంటె ఎత్తున పని చేయునపుడు బొటనవ్రేలు పైకి నుండుట మేలని చెప్పుటకు కారణమిదియే.

ఆ సందులోని స్నాయువునకు నొప్పి వచ్చినపుడు ఒక గుర్తు తరచుగా కనబడును. చేతిని ప్రక్కనుండి ఎత్తుచుండగా సుమారు 60 డిగ్రీలనుండి 120 డిగ్రీల వరకు నొప్పి. అంతకు ముందును, ఆ తరువాతను అంత నొప్పి లేదు. చూరుఎముక రాపిడియే ఈ నొప్పికి మూలమని 1972లో చార్లెస్ నీర్ అను అమెరికా వైద్యుడు ప్రతిపాదించెను. తరువాత ఆ ఎముకను చెక్కి సందు పెంచు శస్త్రచికిత్స లోకమంతట విరివిగా జరిగినది. కాని 2018లో బ్రిటనునందు, ఫిన్లాండునందు ప్రకటితమైన రెండు పరీక్షలలో కొందరు రోగులకు ఎముకను చెక్కిరి. మరికొందరికి గొట్టపుయంత్రముతో లోపల చూచి, చెక్కకయే గాయమును మూసివేసిరి. ఉభయుల ఉపశమనమునందును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. కావున నేటి వైద్యులు ఎముకపై నింద మోపుట తగ్గించి, స్నాయువు బలమును గూర్చియు, దానిపై పడు పనిభారమును గూర్చియు ఎక్కువగా ఆలోచించుచున్నారు. ఇట్టి నొప్పికి మొదటి చికిత్స క్రమమైన వ్యాయామమే. స్నాయువు పూర్తిగా తెగినపుడు శస్త్రచికిత్స యొక్క అవసరము వేరు. దానిని వైద్యుడు నిర్ణయింపవలెను.

స్నాయువు చెడుట కెక్కువగా కారణమగునది పని కాదు, అలవాటులేని పని. పదకొండు నెలలు చేయి తలపైకెత్తనివాడు సంక్రాంతికి ముందు ఒక్క ఆదివారమున ఇంటి నాలుగుగదుల పైకప్పులకును సున్నము కొట్టును. మరునాటినుండి చేయి లేవదు. సముద్రతీరమున విసురువల వేయు జాలరి దినదినము అంతకంటె బరువైన పని చేసియు నిలుచుచున్నాడన్న, చిన్ననాటినుండి అతని కండరములు కొంచెము కొంచెముగా ఆ పనికి అలవడుటయే దానికి ముఖ్యకారణము. అతనికి సైతము ఏండ్లతరబడి విశ్రాంతిలేని రాపిడి వలన భుజము అరుగును. కాని ఒక్కనాటి సాహసము అరువదియేండ్లు దాటినవారికి మరింత ప్రమాదము. వయస్సుతో స్నాయువులు పలుచబడి, చిన్న ఈడ్పునకు సైతము చినుగుట కలదు. ఎట్టి పనినైనను రెండుమూడు దినములకు పంచుకొని చేయుట, స్టూలెక్కి పనిని భుజముమట్టమునకు తెచ్చుకొనుట, బరువును దేహమునకు దగ్గరగా పట్టుకొని ఎత్తుట - ఈ మూడు నియమములు పాటించిన గృహములో భుజపునొప్పులు చాలవరకు తగ్గును.

ఆటలాడు యువకుల సమస్య కొంత భిన్నమైనది. కబడ్డీలో కూతకు వెళ్ళినవాని చేతిని ప్రత్యర్థులు పట్టి లాగుదురు. క్రికెటులో బంతిని ఆపబోయి చాచిన చేతిమీద పడుదురు. చేయి ప్రక్కకు లేచి, వెలుపలికి తిరిగియున్న స్థితిలో దెబ్బ తగిలినచో ఎముక తల పళ్ళెమునుండి ముందువైపునకు జారును. భుజము తొలగిన నూటిలో సుమారు తొంబదియైదుగురికి ఇట్లు ముందునకే తొలగును. అట్టి సమయమున ఊరిలో చేయి తిరిగినవాడొకడు పాదమును చంకలో నుంచి చేతిని లాగి సరిచేసెదననును. అతనిని లాగనీయరాదు. చంకలోనుండి పోవు నాడులు, రక్తనాళములు ఈడ్పునకు దెబ్బతినవచ్చును. ఎముక విరిగియున్నచో లాగుడు మరింత హాని చేయును. చేతిని ఉన్న స్థితిలోనే తలగడతోనో, తువ్వాలుతోనో ఆసరా చేసి ఆసుపత్రికి చేర్చవలెను. ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండ చేసి వైద్యులు దానిని స్థానమున నుంతురు. ఇరువదియేండ్లలోపువారికి ఒకమారు తొలగిన భుజము మరల తొలగు అవకాశము చాల హెచ్చు. అందుచే నొప్పి పోగానే మైదానమునకు పరుగెత్తక, చిన్నకండరములకు బలము తిరిగి వచ్చువరకు ఆగుట ముఖ్యము.

ఇక మేము అనుభవించిన వ్యాధి. 'చేయి పట్టుకొనిపోయినది' అని మనవారనునది తరచుగా ఇదియే. వైద్యులు ఫ్రోజెన్ షోల్డర్ అందురు. ఈ పేరును వ్యాప్తికి తెచ్చినవాడును పైన చెప్పిన కాడ్‌మనే. భుజము స్తంభించి చేయి కదలని స్థితిని మన పూర్వులు ఎరుగని వారు కారు; సుశ్రుతుడు నిదానస్థానమున వాతవ్యాధులలో అవబాహుకము అను పేరుతో చేతి చలనమును హరించు వ్యాధిని చెప్పినాడు. ఈ వ్యాధి నలుబది, అరువది యేండ్ల నడుమ వయస్సు గలవారికి ఎక్కువగా వచ్చును. పురుషులకంటె స్త్రీలలో కొంత హెచ్చు. సంధికోశము మొదట వాచును. పిమ్మట దళసరియై ముడుచుకొనును. ఆరోగ్యముగా నున్నపుడు కోశము అడుగుభాగము చంకలో మడతలు పడి వదులుగా నుండును; చేయి లేచినపుడు ఆ మడతలు విప్పుకొనును. ఆ మడతలు అతుకుకొని బిగిసినచో, చంకలో ఇరుకైన చొక్కాయి తొడుగుకొని చేయి ఎత్తబోయినట్లగును.

ఈ వ్యాధిలో మూడు దశలు కలవు. నొప్పి పెరుగుచు బిగువు మొదలగు దశ. నొప్పి తగ్గి బిగువు నిలిచిపోవు దశ. మెల్లగా బిగువు సడలు దశ. మొత్తము ఒకటినుండి మూడేండ్లు పట్టుట సామాన్యము. కొందరికి అంతకు మించి కూడ కొంత కొరత మిగులును. మొట్టమొదట తగ్గిపోవునది చేతిని వెలుపలికి త్రిప్పు శక్తి. మోచేతులను ప్రక్కలకు ఆనించి, ముంచేతులను తలుపురెక్కలవలె వెలుపలికి తెరచి చూడుడు. ఒక రెక్క సగములోనే ఆగిపోయినచో, రెండవచేతితో సాయపట్టినను కదలనిచో, ఆ భుజమును వైద్యునికి చూపవలెను.

మమ్ము పరీక్షించిన వైద్యుడు భుజమును చూచి ఊరకుండక, రక్తములో చక్కెర చూపించుకొమ్మనిరి. చూపించగా మాకు మధుమేహమున్నట్లు బయటపడినది. అంతవరకు మాకు దాని ఊసే తెలియదు. మధుమేహము లేనివారిలో నూటికి ఇద్దరునుండి ఐదుగురివరకు ఫ్రోజెన్ షోల్డర్ వచ్చుననియు, మధుమేహము గలవారిలో నూటికి పదిమందినుండి ఇరువదిమందివరకు వచ్చుననియు సాధారణముగా లెక్క చెప్పుదురు. థైరాయిడ్ వ్యాధులు గలవారికి కూడ ఈ బాధ హెచ్చు. మన రాష్ట్రములలో మధుమేహము లేని వీధి యరుదైన ఈ దినములలో, కారణము కనబడక బిగిసిన భుజము రక్తపరీక్ష చేయించుకొమ్మను పిలుపని గ్రహించుట మంచిది. మా విషయమున ఆ భుజమే మాకు కాపలాదారు అయినది.

విశ్రాంతిని గూర్చి ఒక మాట. వ్యాధి వలన కలిగిన బిగువునకు మేము కట్టిన గుడ్డకట్టు బిగువు తోడైనది. ఎముక విరిగినపుడు, భుజము తొలగినపుడు వైద్యుడు చెప్పినన్నాళ్ళు కట్టు కట్టవలసినదే. అంతేగాని, ఊరక నొప్పిగా నున్నదని చేతిని వారములతరబడి కట్టివేయుట హానికరము. అట్లని నొప్పితో కేక పెట్టువరకు చేతిని మెలిపెట్టించుట, బలముగా లాగించుట అంతకంటె హానికరము. నడిమి మార్గమొకటే: నొప్పి అంచువరకు మెల్లగా పోయి, అచట కొంతసేపు నిలిచి, మరల వెనుకకు వచ్చుట. వ్యాయామము తరువాత నొప్పి కొలదిసేపటిలో తగ్గిపోవలెను. మరునాటివరకు నిలిచినచో చేసినది ఎక్కువయైనదని తెలిసికొనవలెను.

ఇంటిలో చేసికొనదగిన కొన్ని వ్యాయామములు చెప్పెదము. వేడినీటి స్నానము తరువాత చేసినచో సులువుగా నుండును. మొదటిది లోలకము. మంచిచేతిని బల్లమీద ఆనించి, నడుము వంచి, నొప్పిచేతిని గడియారపు లోలకమువలె వ్రేలవిడిచి, దేహమును ఊపుచు చిన్న చిన్న సున్నలు చుట్టించుట. ఇదియు కాడ్‌మన్ పేరుతో ప్రసిద్ధమైనది. రెండవది గోడనడక. గోడకెదురుగా నిలిచి వ్రేళ్ళతో గోడను మెట్లెక్కినట్లు పైకి ప్రాకించి, చేరినచోట సుద్దముక్కతో గీత గీయుట. వారమునకు వారము గీత ఎంత పెరిగినదో చూచుకొనుట మనస్సునకు ధైర్యము. మూడవది కఱ్ఱ. మోచేతులు ప్రక్కల కానించి, రెండుచేతులతో కఱ్ఱను పట్టుకొని, మంచిచేతితో నొప్పిచేతిని వెలుపలికి నెట్టుట. నాల్గవది తువ్వాలు. వీపు తోముకొనునట్లు పట్టుకొని, పైచేతితో క్రిందిచేతిని మెల్లగా పైకి లాగుట. ఒక్కొక్క సాగుడును ముప్పది సెకనులు నిలిపి, మూడు నాలుగు మారులు, దినమునకు రెండుపూటల చేసిన చాలును.

నొప్పి లేనివారికి కావలసినది బలము. మోచేతిని ప్రక్కకు ఆనించి వంచి, ఒక రబ్బరుపట్టీని తలుపుగొళ్ళెమునకు కట్టి, దానిని వెలుపలికి కొంతసేపు, దిక్కు మార్చి లోపలికి కొంతసేపు లాగుట రొటేటర్ కఫ్ కండరములకు మంచిది. గోడకు చేతులానించి దండెములు తీయుట, రెక్క ఎముకలను వెనుకకు దగ్గరచేసి ఐదులెక్కించువరకు నిలుపుట, వీపుకండరములకు మంచిది. బరువు పెంచుటకు తొందర పడరాదు. పదిహేను మారులు సులువుగా చేయగలిగిన తరువాతనే కొంచెము పెంచవలెను. ఆటగాండ్రు బంతి విసరుటకు ముందు దేహము వెచ్చబడువరకు చేతులు తిప్పవలెను. సెలవుల తరువాత మొదటి దినముననే పాతసంఖ్యలో బంతులు వేయరాదు.

పక్షవాతము వచ్చినవారున్న ఇండ్లకు ఒక హెచ్చరిక. చచ్చుబడిన ప్రక్క కండరములు పట్టు తప్పుటచే నిమ్మపండు చెంచాలో నిలుచుట మరింత కష్టమగును. అట్టివారిని లేవనెత్తునపుడు ఆ చేతిని పట్టి లాగరాదు. చంకలలో చేతులుంచి ఎత్తరాదు. వీపువెనుకను, నడుమువద్దను ఆసరా యీయవలెను. కూర్చున్నపుడు ఆ చేయి గాలిలో వ్రేలాడక తలగడమీద నుండవలెను. ఈ జాగ్రత్త మొదటి దినమునుండియే కావలెను.

కొన్ని గుర్తులు కనబడినచో ఇంటివైద్యముతో కాలయాపన చేయరాదు. పడినతరువాత భుజపు ఆకారము మారుట, చేయి బొత్తిగా లేవకుండుట, చేతిలో తిమ్మిరి లేక బలహీనత, జ్వరముతో కూడ భుజము ఎఱ్ఱబడి వాచుట - వీనికి వెంటనే వైద్యుడు కావలెను. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. చేయి కదల్చినను కదల్పకున్నను మారని భుజపునొప్పి, ముఖ్యముగా ఎడమవైపున, రొమ్ముబిగువుతోను, చెమటతోను, ఆయాసముతోను వచ్చినచో అది భుజమునకు సంబంధించినది కాకపోవచ్చును, గుండెది కావచ్చును. అపుడు తైలము రాయుచు కూర్చుండక 108కు ఫోను చేసి ఆసుపత్రికి పోవలెను.

మా భుజము సంగతి చెప్పి ముగించెదము. గోడమీద సుద్దగీతలు పదునాలుగు నెలలు ఎక్కినవి. కొన్ని వారములు గీతమీదనే గీత పడినది. అట్టి వారములలో మానివేయుదమని తోచెడిది. మేనత్త అది చూచి, "తాడు తడిపి రోజూ కాస్త లాగు, తెంపకు" అనెడిది. ఇప్పుడు పై అరలోని టేపులపెట్టె చేతికందుచున్నది. చివరి రెండంగుళములకు మాత్రము మునివ్రేళ్ళపై లేవవలెను. వదులుగా నుండుటకై పుట్టిన సంధిని వదులుగా నుంచుటకు దినమునకు పదినిమిషములు చాలును. బిగిసిన పిమ్మట దానిని సడలించుటకు ఏండ్లు పట్టును.